రాసేటప్పుడు ఉర్దూ, చదివేటప్పుడు తెలుగు

మా ఆయన పలక చాలా ఏళ్లపాటు మా డాబా మీద వడియాల గుడ్డకు బరువుగా పనిచేసింది. ఇనుపది, ఎంత గాలి వీచినా కదిలేది కాదు. మడతబందుతో కలిపిన రెండు రేకులు. పైరేకుకు వరసగా చిన్న చిన్న కిటికీలుంటాయి, కిందిరేకులో ఒక్కో కిటికీకి ఆరు గుంటలుంటాయి. మధ్యలో మందపాటి కాగితం బిగించి మొన ఉన్న పుల్లతో పొడిస్తే, కాగితం అవతలి వైపు చుక్కలు లేస్తాయి. చూపులేనివాళ్లు వేళ్లతో చదువుకునే బ్రెయిలీ అక్షరాలు ఆ చుక్కలే. ఆ పుల్లను స్టైలస్ అంటారు. అది నా వంటింట్లో ఉండేది, చెప్పుల పట్టీలకు కన్నాలు పెట్టడానికి. ఎవరేమనుకున్నా సరే, ఇంట్లో ఊరికే పడున్న వస్తువును చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అలాంటిది పోయినేడు ఎండాకాలంలో ఒక పొద్దున, ఆయన గోడ పట్టుకుని మెట్లెక్కి డాబా మీదికొచ్చాడు.

"నా పలక యాడ పెట్టినవే?"

"ఏం పలక?"

"బడి పలక. బ్రెయిలీది."

"ఇప్పుడెందుకయ్యా అది? వడియాలు ఎగిరిపోతయ్."

"ఎగిరిపోనియ్యి," అన్నాడు. మామూలుగా అయితే ఆ మాట విసుగ్గా అనేవాడు. ఆ రోజు బతిమాలినట్టు అన్నాడు. నేను గుడ్డ మీద ఇటుక పెట్టి, పలక తీసి ఆయన చేతికిచ్చాను. లుంగీ అంచుతో తుడిచి, ముక్కు దగ్గర పెట్టుకుని, "మినప్పిండి వాసనొస్తున్నది," అన్నాడు. నవ్వుతాడేమో అని చూశాను, నవ్వలేదు.

మా ఆయన పేరు వైకుంఠం. ఆ పేరు నేనెప్పుడూ నోటితో అనలేదు. మా అమ్మవైపు ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. రాతలో తప్పదు కాబట్టి రాస్తున్నాను.

ఆయన పుట్టింది అలియాబాద్‌లో. నడకలు నేర్చే వయసులో పెద్ద జ్వరమొచ్చి చూపు పోయిందట. వాళ్ల బాపు ధైర్యం చేసి అంధుల బడి హాస్టల్లో వేశాడు. అక్కడ పక్కమంచం మీద జాఫర్ ఉండేవాడు. ఇద్దరూ అక్షరాలు దిద్దింది కృపాకర్ సార్ దగ్గర. ఆ బడి ముచ్చట్లు మొదలుపెడితే మా ఆయనకు టైం తెలియదు. మధ్యాహ్నం పిల్లలందరినీ పడుకోబెట్టి వార్డెన్ తిరిగేవాడట. వీళ్లు దిండు కింద పుస్తకం పెట్టుకుని, చేయి లోపలికి దోపి చదివేవాళ్లట. వార్డెన్‌కు హాయిగా నిద్రపోతున్న పిల్లలే కనబడేవాళ్లు. మంచి కథ వస్తే మాత్రం దిండు మీద తల ఉండగానే కిసుక్కున నవ్వేవాళ్లట. అప్పుడు పడేవి వీపు మీద.

పలక మీద రాయడంలో ఒక తిరకాసు ఉంది. చుక్క అవతలి వైపు లేస్తుంది కదా, అందుకని కుడివైపు నుంచి ఎడమకు రాయాలి. కాగితం తీసి తిప్పితే ఎడమ నుంచి కుడికి చదువుకోవచ్చు. "రాసేటప్పుడు ఉర్దూ, చదివేటప్పుడు తెలుగు, అంతే రా!" అనేవాడట కృపాకర్ సార్. పాతబస్తీ పిల్లలకు అంతకంటే బాగా ఎవరు చెప్పగలరు? అయితే వరస ఒక్కటి తిప్పితే చాలదు, ప్రతి అక్షరంలో చుక్కలు కూడా కుడిఎడమలు తిప్పి పొడవాలి. మరచిపోతే జ కాస్తా హ అయిపోతుంది, ల ళ అయిపోతుంది, బ భ అయిపోతుంది. మా ఆయన మొట్టమొదట దోస్తు పేరు రాసినప్పుడు తొలి అక్షరం తిప్పడం మరచిపోయాడు. జాఫర్ హాఫర్ అయ్యాడు. క్లాసంతా వేళ్లు పెట్టి చదివి ఒకటే నవ్వు. ఆనాటి నుంచి ఈనాటిదాకా మా ఇంట్లో ఆయన హాఫరే.

చదువయ్యాక మా ఆయనకు కంచన్‌బాగ్‌లో ఒక సర్కారు ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటర్ ఉద్యోగం వచ్చింది. నంబర్లన్నీ తలలోనే ఉండేవి. ఇక చుక్కలతో పనేముంది? చదువుకోవాలనిపిస్తే క్యాసెట్లు వచ్చాయి, ఆ తర్వాత మాట్లాడే ఫోన్లు వచ్చాయి. పేపరంతా ఫోనే చదివి పెట్టేది. అట్లా పలక మూల పడింది, నా కంట పడింది, డాబా ఎక్కింది.

నేను ఆయనకు దొరికింది కూడా టెలిఫోన్లోనే. చాంద్రాయణగుట్ట చౌరస్తాలో మా మేనమామకు ఎస్టీడీ బూత్ ఉండేది. పెళ్లికాక ముందు నేనక్కడ కూర్చునేదాన్ని. ఆ సర్కారు ఆఫీసులో పనిచేసే మొగుళ్లతో మాట్లాడాలని ఆడవాళ్లు వస్తే, ఆఫీసు నంబరు కలిపి ఇచ్చేదాన్ని. అందరూ ఫోనెత్తి హలో అంటారు. నాకా అలవాటు లేదు. ఎవరినైనా పిలవాలంటే మా ఇంట్లో ఒకటే మాట, "ఇగో!" ఫోన్లోనూ అదే అన్నాను. అవతల ఆపరేటర్ ఒక్క క్షణం ఆగి, "ఆఁ, చెప్పుండ్రి," అన్నాడు. ఆ ఆగడంలో నవ్వుంది, నాకు వినబడింది. తర్వాత ఎవరి కోసం ఫోన్ చేసినా ముందు నేను ఇగో అనడం, ఆయన ఆఁ చెప్పుండ్రి అనడం. కొన్నాళ్లకు ఎవరి కోసమూ కాకుండానే ఫోన్ చేశాను. మా మేనమామ గుడ్డివాడితో పెళ్లేంటని లొల్లి చేశాడు. చేస్తే చేశాడు.

పెళ్లయ్యాక కూడా ఆయన్ని నేను అలాగే పిలిచాను. ఇగో, అన్నం పెట్టిన. ఇగో, చీపురు మీద కాలేస్తున్నవ్. ఇగో, పిల్ల నవ్వుతున్నది చూడు. చూడు అనే అనేదాన్ని, ఆయన వినేవాడు. అటు తిరిగి, "ఆఁ, చెప్పుండ్రి," అనేవాడు. ఇంట్లో నన్ను నువ్వు అనే మనిషి, ఆ ఒక్క మాటలో మాత్రం ఎప్పటికీ మర్యాద మానలేదు.

అటువంటి మనిషికి చెవులు పోవడం మొదలైంది.

మొదట నాకు అర్థం కాలేదు. వీధిలో ఆటో ఆగితే ఎవరిదో చెప్పే మనిషి, ఇంటి ముందు నుంచి బస్సు పోతే ఉలిక్కిపడ్డాడు. నేను పప్పు అంటే ఉప్పు అందించాడు. ఫోన్ చెవికి ఆనించి పెట్టుకునేవాడు, తర్వాత బల్ల మీద పెట్టేసి ఊరికే కూర్చునేవాడు. మా అమ్మాయి ఉదయశ్రీ సైదాబాద్ నుంచి వచ్చి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. చెవి నరం ఎండిపోతోందన్నాడు డాక్టరు. ఎడమది దాదాపు పోయింది, కుడిది మిషన్ పెడితే కొన్నాళ్లు పనిచేస్తుంది, తర్వాత మెల్లగా పోవచ్చు, ఒక్కసారిగానూ పోవచ్చు అన్నాడు. ఇంటికొచ్చాక చెవి మిషన్ పెట్టుకుని నావైపు తిరిగాడు.

"కండ్లు లేకుంటె నాకేం కాలే స్వరూపా. చెవులు గూడ పోతె నేను యాడుంట?"

వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఆయన భయం ఆయనది. నా భయం నాది. నా ముఖం ఆయన ఏనాడూ చూడలేదు. ఆయనకు నేనంటే నా గొంతు. అది వినబడని రోజు, ఇంట్లో తిరిగే ఎవరో ఒక మనిషిని నేను. పలక అడిగింది ఆ మర్నాడు పొద్దునే.

జాఫర్ భాయ్ తలాబ్‌కట్టలో కుర్చీలకు కేన్ అల్లుతాడు. ఆయన బ్రెయిలీ వదిలిపెట్టలేదు. రోజూ పొద్దున్నే ఖురాన్ వేళ్లతో చదువుకుంటాడు, దానికోసమే పట్టుకున్నానంటాడు. కబురు పంపితే శుక్రవారం జుమ్మా నమాజ్ కాగానే ఆటోలో దిగాడు, చంకలో ఒక లావు పుస్తకంతో. చిన్నపిల్లల వాచకం, బ్రెయిలీది.

"క్యా రే వైకుంఠం, మల్ల ఒకటో క్లాసా?"

"ఔ రా హాఫర్. ఫెయిల్ చేయకు."

మా ఆయన హాస్టల్లో అందరికంటే గబగబా చదివేవాడట. అదే కొంప ముంచింది. వేళ్లు అదే వేగంతో ఉరికేవి, ఒక్క అక్షరం పట్టుబడేది కాదు. అన్నీ గరుకుగానే ఉన్నాయనేవాడు. కోపమొచ్చి ఇంకా గట్టిగా నొక్కేవాడు. నొక్కేకొద్దీ పాత చుక్కలు అణిగిపోయేవి.

"అరే, దబాయిస్తున్నవ్ రా చుక్కల్ని," అన్నాడు జాఫర్ భాయ్ ఆయన మణికట్టు పట్టుకుని. "దబాయిస్తె ఎవరన్న చెప్తరా? మెల్లగ అడుగు. ఇజ్జత్ ఇచ్చి అడుగు."

"వేళ్లు మొద్దుబారినయ్ రా. అరవై దాటినంక గిట్ల ఆశ పడుడే తప్పు."

"నా వేళ్లు నీకన్న ముసలియి. నక్కో బోలో, గిట్ల అనకు."

వారం మధ్యలో ఆయన ఒక్కడే కూర్చుని చదివేవాడు. ఒక రోజు పుస్తకం గోడకేసి కొట్టాడు. నాకు కోపమొచ్చింది. దోస్తు మోసుకొచ్చిన పుస్తకం అది, ఎవరి మీద కోపం చూపిస్తున్నాడు? చాటలో బియ్యం పోసి ఆయన ముందు పెట్టాను.

"ఏంది ఇది?"

"రాళ్లేరు."

"నేనా?"

"వేళ్లు మొద్దుబారినయ్ అన్నవ్ గద. నా కండ్లు గూడ మసకబారినయ్. పొద్దుగూకేలోపల అన్నం కావాలంటే ఏరు."

సణిగాడు. గొణిగాడు. అయినా ఏరాడు. ఆ రోజు అన్నంలో రాళ్లు పంటికి తగిలాయి, ఇద్దరం ఉమ్మేస్తూ తిన్నాం. తర్వాత తర్వాత తగ్గాయి. రాళ్లున్న బియ్యమే తెమ్మని కిరాణా కొండల్‌కు చెబితే, పిచ్చిదానివా అన్నట్టు చూశాడు. బియ్యంలో రాతి మెరికె వేలికి తగిలితే మా ఆయన, "దొరికినవ్ బిడ్డా," అనేవాడు. వేలు నెమ్మదించడం నేర్చుకుంది. ఒక జుమ్మా నాడు వాచకంలో ఒక వాక్యం మొదటి నుంచి చివరిదాకా చదివాడు. ఏదో కుందేలు, ఏదో క్యారెట్టు. చదివి ఆగి, "జాఫర్, ఈ కాగితానికి మన బడి వాసన రా," అన్నాడు. జాఫర్ భాయ్ కూడా వంగి వాసన చూశాడు. అరవై దాటిన ఇద్దరు మగాళ్లు కుందేలు పాఠం మీద ముక్కులు పెట్టి కూర్చున్నారు. నవ్వొచ్చింది నాకు, కడుపు నిండింది కూడా.

ఆనాటి నుంచి చదువు కంటే ముచ్చట్లే ఎక్కువయ్యాయి. కుడిచెవి ఇంకా పనిచేస్తుండగా అన్నీ చెప్పుకోవాలన్నట్టు చెప్పుకున్నారు. హాస్టల్ ఉప్మాలో ఆవగింజల కోసం పందెం, వానాకాలంలో గిన్నెలు పట్టుకుని కప్పు కారే చోట్లు వెతకడం, సెలవులకు మా ఆయన బాపు ఆలస్యంగా వస్తే గేటు దగ్గర చెప్పుల చప్పుళ్లన్నీ విని కాదు, కాదు అనుకోవడం. వాళ్ల బాపు చెప్పు ఒకటి కిర్రుమనేదట. ఆ చప్పుడు చెప్పేటప్పుడు మా ఆయన నోటితో చేసి చూపించాడు.

ఇదంతా వింటూ చాయ్ పోస్తూ నేను ఊరికే కూర్చున్నానని ఆయన అనుకున్నాడు. నేను జాఫర్ భాయ్‌ని గడప దాకా సాగనంపే నెపంతో అడిగాను.

"భాయ్, నాకు గూడ నేర్పు. ఆయనకు చెప్పొద్దు."

"ఎందుకు భాభీ? నీకు కండ్లున్నయ్ గద."

"ఆయన చదువుడు నేర్చుకుంటున్నడు. మరి ఆయనకు రాసేటిదెవరు?"

జాఫర్ భాయ్ తల ఊపాడు, చాలాసేపు. మరుసటి వారం తన దగ్గరున్న ఇంకో పలక సంచిలో దాచి తెచ్చాడు. పాత క్యాలెండర్ కాగితాలు చింపుకుని, పొయ్యి మీద కూర ఉడుకుతుంటే పొడుస్తూ కూర్చునేదాన్ని. వరస కుడి నుంచి మొదలుపెట్టడం వెంటనే వచ్చింది. చుక్కలు తిప్పడం మాత్రం నా వల్ల కాలేదు. నేను రాసినవి గడప దగ్గర జాఫర్ భాయ్ వేలితో తడిమి పొట్ట పట్టుకుని నవ్వేవాడు. "భాభీ, గిది ఏ ముల్కు భాష?" అనేవాడు. నాకు చిర్రెత్తుకొచ్చేది.

చెవి పోవడం ఒక్కసారిగానే పోయింది. దసరా పోయిన తర్వాత ఒక పొద్దున, లేచి మిషన్ పెట్టుకున్నాడు. తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు. "ఏమన్న అను," అన్నాడు. "ఇగో," అన్నాను. "అను," అన్నాడు మళ్లీ. గట్టిగా అన్నాను. పక్కింటివాళ్లు గోడ మీదుగా తొంగి చూసేంత గట్టిగా అరిచాను. ఆయన నా పెదవుల మీద వేళ్లు పెట్టి, కదులుతున్నాయని తెలుసుకుని చేయి దించేశాడు.

ఆస్పత్రి, సూదులు, మందులు అన్నీ అయ్యాయి. రాలేదు. ఇంటికొచ్చాక మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. చేయి పట్టుకుంటే లేచేవాడు, కంచం పెడితే తినేవాడు. నేనో, ఉదయశ్రీయో తేడా తెలిసేది కాదేమో, అడిగేవాడూ కాదు. వాచకం తీసి ఒళ్లో పెట్టాను. పక్కకు నెట్టేశాడు.

"సదివి ఏం చేస్త?" అన్నాడు. తన మాట తనకే వినబడక గొంతు మరీ పెద్దగా వచ్చింది. "పుస్తకంల కుందేలుంటది. మనుషులు ఉంటరా?"

నేను లేచిపోయాను. వంటింట్లోంచి పలక తీశాను. ఏం రాయాలి? ధైర్యంగా ఉండు అని రాయనా? నేనున్నా అని రాయనా? అంత పెద్ద మాటలు నాకు రాయనూ రాదు, చెప్పనూ రాదు. ఆయన్ని పిలవాలి, ముందు అది కావాలి. క్యాలెండర్ ముక్క బిగించి మూడే అక్షరాలు పొడిచాను. కాగితం తీసి మంచం దగ్గరికి వెళ్లి, ఆయన కుడిచేయి చూపుడువేలు పట్టుకుని దాని మీద పెట్టాను.

వద్దన్నట్టు వేలు లాక్కోబోయాడు. వదల్లేదు. అప్పుడు చుక్క తగిలింది. వేలు ఆగింది.

"ఏ," అన్నాడు. వేలు కదిలింది. "గ. ఔ." కనుబొమలు ముడిపడ్డాయి. "ఏగౌ? ఏగౌ ఏంది? జాఫర్ వచ్చిండా?"

మళ్లీ తప్పు పొడిచాను, ఇన్ని నెలలు నేర్చుకుని మూడు అక్షరాలు రాయలేకపోయాను. కాగితం లాక్కోబోతే, ఆయన అరచేత్తో మంచానికి నొక్కి పట్టాడు. పెదవులు కదులుతున్నాయి. వేలు తిరిగి మొదటికి పోయింది, ఈసారి ఎంతో మెల్లగా, ఎంతో మర్యాదగా.

"తిప్పలేదు," అన్నాడు నెమ్మదిగా. "హాఫర్ లెక్క. చుక్కలు తిప్పలేదు. ఏ తిప్పితే ఇ. గ తిప్పినా గ నే. ఔ తిప్పితే ఓ."

ఆ మూడూ కలిపి పెదవులతో పలికి చూసుకున్నాడు.

నా చేయి వెతికి పట్టుకున్నాడు. స్టైలస్ పట్టుకుని పట్టుకుని చూపుడువేలి పక్కన లేచిన కాయ ఆయనకు తగిలింది. దాన్ని బొటనవేలితో తడుముతూ నవ్వడం మొదలుపెట్టాడు, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, నాది ఆయనకు వినబడలేదు, చేతి మీద పడి తెలిసి ఉంటుంది. తర్వాత లేచి కూర్చున్నాడు. లుంగీ సర్దుకున్నాడు. ఎక్స్‌చేంజ్ కుర్చీలో కూర్చున్నప్పటిలా వీపు నిటారుగా పెట్టి, ముఖం నావైపు తిప్పాడు.

"ఆఁ, చెప్పుండ్రి," అన్నాడు.